ఆయ్ అంటే విన్నామని

మా కాలనీలో కౌన్సిలింగ్ అన్న మాటకి రెండే అర్థాలు. ఒకటి ఇంజనీరింగ్ సీటు, రెండోది పోలీస్ స్టేషన్. మూడో అర్థం ఒకటుందనీ, మాకు కావలసింది అదేననీ చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. చెప్పాక అర్థం చేసుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

కాలనీ అంటే అమలాపురం చివర కొబ్బరితోట నరికేసి ప్లాట్లు వేసిన చోటు. అందరం నెలజీతాల వాళ్ళమే, అందరికీ ఎత్తు ప్రహరీలే. అయినా ఎవరింట్లో ఏ కూరకి తాలింపు పడిందో అందరికీ తెలుస్తుంది. తెలిసినట్టు ఎదుట బయటపడరు, వెనకాల మాత్రం వదలరు. దీన్నే మర్యాద అంటారు మా వైపు.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయనకి సర్కారు ఆఫీసులో ఉద్యోగం. కిందటి వేసవి వెళ్ళాక ఆయన ఒక్కొక్కటే మానేస్తూ వచ్చారు. ముందు ఆదివారం చర్చికి రావడం, తర్వాత గడ్డం గీసుకోవడం, ఆ తర్వాత ఆఫీసు. పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకునేవారు. ఒకరోజు నేను గిన్నెలు తోముతుంటే వెనకాల నిలబడి, కాఫీ అడిగినంత మామూలుగా, "నాకు ఉండాలని లేదే" అన్నారు.

"ఎక్కడ?" అన్నాను.

ఆయన వెళ్ళి పడుకున్నారు. చేతులు తుడుచుకునేసరికి నాకు ఆ మాట అర్థమైంది. ఎక్కడ అని అడిగిన నా తెలివి తెల్లారినట్టే ఉంది. మర్నాడే వడ్రంగిని పిలిచి బాత్రూం గడియ ఊడదీయించాను. స్కూలుకి సెలవు పెట్టాను. అప్పటి నుంచి ఆయన ఎక్కడుంటే నేనక్కడ.

సంగతి బయటికి పొక్కకూడదనుకుంటూనే అయ్యగారికి చెప్పాను. అంటే మా పాస్టరుగారికి. మంచి మనిషి, కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ ఆదివారమే మైకులో, "మన సహోదరుడొకరు మనసు కుంగిపోయి ఉన్నారు, పేరు చెప్పను, ఉద్యోగస్తుడు, బైపాసు వైపు ఇల్లు" అని ప్రార్థన చేయించారు. పేరు చెప్పనందుకు ఆయనకి రుణపడి ఉంటాను. సాయంత్రానికి పదకొండు మంది పరామర్శకి వచ్చారు. వచ్చినవాళ్ళంతా నడవమన్నారు, ఆకుకూరలు తినమన్నారు. పోయి పొలం పని చేస్తే ఇవన్నీ పోతాయన్నారు, పొలం గట్టు తొక్కి ముప్పై ఏళ్ళయిన ఒక పెద్దమనిషి.

పక్కింటి పిన్నిగారు మా మతం కాదు. అయినా గోడమీంచి ప్రసాదం అందించి, "మీరు మొక్కరు గదాని మీ తరఫున నేనే ఐనవిల్లి వినాయకుడికి మొక్కేసేనండి" అన్నారు. వచ్చినవాళ్ళందరిలో ఆయన చేత ఏదో ఒకటి చేయించాలని చూడనిది ఆవిడొక్కతే. ప్రసాదం తిన్నాను.

సెలవు కాగితాల పని మీద ఇంటికొచ్చిన మా స్కూలు సైన్సు టీచర్ని అడిగాను, ఇక్కడ కౌన్సిలింగ్ ఎక్కడ ఇస్తారని. "మీ పిల్లలెవరూ ఇంటర్‌లో లేరు కదండీ, ఎవరికండీ సీటు?" అంది. సీటు కాదన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి గొంతు తగ్గించింది. "సార్ చెయ్యి చేసుకుంటన్నారాండీ? మా బావగారు స్టేషన్లోనే చేస్తారండి. ఇద్దర్నీ కూర్చోబెట్టి గట్టిగా కౌన్సిలింగ్ ఇప్పిస్తానండి." ఎమ్మెస్సీ, బీఎడ్. పిల్లలకి మెదడు పాఠం చెప్పేది ఆవిడే.

చివరికి తేలిందేమిటంటే, మా ఊళ్ళో పిచ్చి డాక్టరు దగ్గరికి ఎవరూ వెళ్ళరు. నరాల డాక్టరు దగ్గరికి వెళ్తారు. మనసుకి రోగం రావడం పరువు తక్కువ, నరానికి రావచ్చు. వారానికి ఒకరోజు దూరం నుంచి కారులో వచ్చే డాక్టరొకాయన, మందుల షాపు వెనక గదిలో కూర్చునేవారు. బోర్డు మీద నరాలు, తలనొప్పి, నిద్రలేమి పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. మానసిక అన్న మాటని బోర్డు రాసేవాడు మర్చిపోయి మూల ఇరికించినట్టుంది.

లోపల నలభై మంది. కరోనా పోయి ఎన్నాళ్ళయిందో, అక్కడ మాత్రం అందరికీ మాస్కులే. నా పాత విద్యార్థి తండ్రి ఎదురుపడి, నేనడక్కుండానే "మా మావయ్యగారికి తలనొప్పండి" అన్నాడు. పక్కన మావయ్యగారెవరూ లేరు. "మాకూ తలనొప్పేనండి" అన్నాను. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. అక్కడ కూర్చున్న వాళ్ళందరం కల్లు తాగడానికే వచ్చి, పాలు తాగుతున్నట్టు మొహాలు పెట్టుకున్నాం.

డాక్టరుగారు సీమ వైపు మనిషి. తలెత్తకుండా రాసుకుంటూ అడిగారు.

"నిద్ర పడుతోందా?"

"ఆయ్" అన్నారు మా ఆయన.

"అన్నం తింటున్నారా?"

"ఆయ్."

ఆయన నిద్రపోయి నెలలయింది. అన్నం సగం కంచంలోనే వదిలేస్తున్నారు. కానీ పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు ఏదడిగినా మా నోట ముందు ఆయ్ అనే వస్తుంది. అది కాదనడానికి ముందు వస్తుంది, అవుననడానికి ముందూ వస్తుంది. ఒక్కోసారి రెండూ రాకుండా అదొక్కటే వచ్చి ఆగిపోతుంది. డాక్టరుగారు నిద్ర బాగుంది, ఆకలి బాగుంది అని రాసేసుకున్నారు.

"చచ్చిపోవాలని ఆలోచనలేమన్నా వస్తున్నాయా?"

"ఆయ్" అన్నారు మా ఆయన.

అప్పుడు తలెత్తారు డాక్టరుగారు. "అవునంటారేంది?" అని నన్ను చూశారు.

తలుపు తెరిచే ఉంది. మా విద్యార్థి తండ్రి గుమ్మం దగ్గరే ఉన్నాడు. నేను నవ్వాను. "అబ్బే, అది కాదండీ. మా వైపు ఆయ్ అంటే విన్నామని అండీ, అంతే" అన్నాను.

డాక్టరుగారు కూడా నవ్వారు. గోదావరి భాష తియ్యగా ఉంటుందన్నారు. బలానికి ఒకటి, నరాలకి ఒకటి రాసి, తర్వాతి వాళ్ళని పిలిచారు. నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది.

మెట్లు దిగుతూ మా ఆయన అన్నారు, "బాగానే చెప్పేవు."

ఆ రెండు మాటలే. నన్నెవరైనా చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. ఆయన అవునన్నది ఆ ఒక్క ప్రశ్నకే. దాన్ని నేను అర్థం మార్చి, నవ్వు కలిపి, డాక్టరు చేతికి అందించాను. పదకొండు మందినీ, మైకునీ, సైన్సు టీచర్నీ ఇన్నాళ్ళూ లోపల్లోపల తిట్టుకున్నదాన్ని, అందరి కన్నా శుభ్రంగా పని చెడగొట్టాను. ఆ మాత్రలు వేయడానికి నాకు చెయ్యి రాలేదు.

దారి చూపించింది మా స్కూలు ఆయా. సెలవు పొడిగింపు కాగితం తీసుకెళ్ళడానికి ఇంటికొచ్చి, నేను ఏడుస్తుంటే చూసి, ఏమిటని కూడా అడక్కుండా, "సర్కారు ఆసుపత్రిలో గురువారం ఓ అమ్మాయి కూకుంటాదండి, మాటాడతాదండి. పైన పెద్ద డాక్టరుగారుంటారండి. మా ఆడపడుచుని రెండేళ్ళబట్టి అక్కడే చూపిత్తన్నామండి" అంది. మామూలుగా, రేషను ఏ రోజు ఇస్తారో చెప్పినట్టు చెప్పింది. ఇంత చదువులు చదివిన మా కాలనీ మొత్తానికి తెలియని సంగతి, మాకు మంచినీళ్ళు పోసే మనిషికి రెండేళ్ళుగా తెలుసు. మేమడగలేదు. ఆవిణ్ణి ఏదైనా అడగాలని మాకు తోస్తే కదా.

గురువారం వెళ్ళాం. టీకాల గది పక్కన చిన్న గది. ఆ అమ్మాయి ఓడలరేవు వైపు పిల్ల, తండ్రి సముద్రం మీద చేపల వేటకి వెళ్తాడట. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. నా దగ్గర చదివిన పిల్లల ఈడు. ఈ పిల్లకేం తెలుస్తుందిలే అనుకున్నాను, అలవాటు కొద్దీ.

"రాత్రి ఎన్నింటికి పడుకున్నారండి సార్?" అని అడిగింది.

"పదింటికే పడుకుంటారమ్మా, కానీ నిద్ర..." అన్నాను.

"మళ్ళీ ఎప్పుడు మెలకువ వచ్చిందండి?"

"రెండింటికే లేచి కూర్చుంటారు" అన్నాను.

"పొద్దున్న లెగిసేసరికి ఎలా ఉంటుందండి సార్?"

నేను నోరు తెరిచాను. ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టి, "టీచరుగారూ, ఏమనుకోకండి, మీరు కాసేపు బయట కూర్చుంటారాండి?" అంది.

బయటి బెంచీ మీద నేను కూర్చున్నంత కోపంగా ఎవరూ కూర్చుని ఉండరు. ఆయనకి ఏమైనా అయితే ఎవరిది బాధ్యత అనుకున్నాను. ఆ మనిషి నాలుగు మాటలు కలిపి మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఈ పిల్లకేం తెలుసు అనుకున్నాను. గంట దాటింది. లోపల్నుంచి వినపడుతున్నది ఆయన గొంతే. మాటలు తెలియడం లేదు కానీ గొంతు ఆగడం లేదు.

తలుపు తీశాక, "పైన డాక్టరుగారికి కూడా ఇప్పుడే చూపిద్దామండి, మందులు రాస్తారు. ఆయన్ని కొన్నాళ్ళు ఒంటరిగా వదలకండి. వచ్చే గురువారం తప్పకుండా తీసుకురండి" అంది ఆ అమ్మాయి.

"ఏం చెప్పేరమ్మా?" అన్నాను.

"అది సార్ చెబితే వినాలండి. నేను చెప్పకూడదండి."

మా ఊళ్ళో ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదన్న మనిషిని నేను చూడడం అదే మొదలు.

పైన మందులు రాయించుకుని తిరిగి వస్తుంటే స్కూటీ నేనే నడుపుతున్నాను. కాలువ వంతెన దాటాక వెనకనుంచి ఆయన అన్నారు, "నీ ఎదర బాగున్నట్టు ఉండాలంటేనే, ఉన్న ఓపికంతా అయిపోతోందే."

ఒళ్ళు మండిపోయింది. సెలవులు, గడియ, రాత్రుళ్ళు మేలుకుని ఆయన ఊపిరి వినడం, అన్నీ నోటిదాకా వచ్చాయి. ఇంత చేస్తే ఇదా అనాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది. పంటి బిగువున ఆపుకున్నాను. నేనేదో అంటానని చూశారనుకుంటా. తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు, మెల్లిగా, నా భుజం వెనకనుంచి, ఎప్పటి నుంచి అలా అనిపిస్తోందో, ముందు ఏ రోజు అనిపించిందో.

మా కాలనీ మలుపు వచ్చింది. ఆయన చెప్పడం ఇంకా అవలేదు. నేను బండి తిప్పకుండా ఐనవిల్లి రోడ్డు మీద ముందుకే పోనిచ్చాను.