ఇక్కడ ఎండ జాస్తి అని వేసిన ప్రకటన

నిన్న సాయంత్రం మా మనవరాలు ఆఫీసు నుంచి వస్తూనే సంచి ఒక మూల విసిరేసి, ఒక్క ఉద్యోగానికి వందలకొద్దీ అర్జీలు వచ్చి పడ్డాయనీ, రమ్మని పిలిస్తే సగంమంది ముఖమైనా చూపలేదనీ, వచ్చినవాళ్లకు తాము ఏ పనికి వచ్చారో కూడా తెలియదనీ వాపోయింది. కంపెనీలోకి మనుషులను ఎంపిక చేయడం దాని పని. నేను వింటూ వింటూ ఫక్కున నవ్వేశాను. ఎందుకు నవ్వానో చెప్పేలోపే దానికి మళ్లీ ఏదో పని తగిలి లోపలికి వెళ్లిపోయింది గనుక, ఆ వైనం నా ఈడువాళ్లయిన మీకైనా చెప్పుకుంటాను.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడి, కర్నూలు రాజధానిగా కళకళలాడుతున్న రోజులవి. రాజంపేటలో మా పెదనాయన ఆడపిల్లల కోసం ఒక బడి పెట్టారు. పెట్టారంటే భవనం కట్టారని కాదు. వేరుశనక్కాయలు నింపుకునే తమ గోదామును ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, నల్లబల్లలు తగిలించారు. అప్పుడే ట్రైనింగు ముగించుకుని వచ్చిన నేను అందులో తెలుగు చెప్పేదాన్ని. హైస్కూలు తరగతులకు లెక్కలు చెప్పే దిక్కు మాత్రం లేదు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ, వేసవి సెలవుల తర్వాత తాను మళ్లీ వచ్చేసరికి డిగ్రీ చదివిన లెక్కల టీచరమ్మ ఉండకపోతే గుర్తింపుకు సిఫారసు చేయలేనని కచ్చితంగా చెప్పి వెళ్లింది. గుర్తింపు రాకపోతే పెద్ద తరగతి పిల్లలంతా పలకాబలపం పక్కన పెట్టి ఇళ్లలో కూర్చోవలసిందే. వాళ్లలో మా చెల్లెలు ఒకతె. దాన్ని కడపలో హాస్టల్లో ఉంచి చదివించడానికి మా నాయన ససేమిరా ఒప్పుకోరని ఇంటిల్లిపాదికీ తెలుసు.

పెదనాయన ఆ వారంలోనే మద్రాసు పత్రికకు ప్రకటన పంపారు. సకల సౌకర్యములు, ఆకర్షణీయమగు వేతనము, ప్రశాంత వాతావరణము అంటూ ఆయన చెప్పగా గుమాస్తా రాసిన ఆ ప్రకటన చదివితే మాకే ఆ బడి ఎక్కడుందో చూసి రావాలనిపించింది. అది అచ్చయింది మొదలు టపామనిషి కట్టలు కట్టలుగా కవర్లు తెచ్చి పడేస్తుంటే, పెదనాయన వీధి అరుగు మీద మీసం దువ్వుకుంటూ కూర్చునేవారు. తీరా విప్పి చూస్తే సగానికి పైగా మగవాళ్లు. ఒకాయన తన భార్యకు లెక్కలు రావు గానీ చెబితే త్వరగా నేర్చుకుంటుందని రాశాడు, ఇంకొకాయన గుమాస్తా పని ఉన్నా ఫరవాలేదన్నాడు, మిగిలినవాటిలో అర్హతల కంటే సిఫారసులే ఎక్కువ. నిజంగా వచ్చిన ఒకే ఒక్క ఆమె, తండ్రితోపాటు పొద్దున మెయిలు బండి దిగి, శనక్కాయల వాసన ఇంకా వదలని మా గదులనూ బావి దగ్గరి బిందెల వరుసనూ చూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, పెద్దమ్మ వండించిన భోజనమైనా ముట్టకుండా మధ్యాహ్నం పాసింజరుకు తిరిగి వెళ్లిపోయింది.

ఆ భోజనం మేమే తింటూ కూర్చున్నప్పుడు నాకు ఎక్కడలేని తెగువా వచ్చింది. మనం లేనివి ఉన్నాయని రాశాం కాబట్టే లేనివాటి కోసం ఆశపడ్డవాళ్లు వచ్చారు, ఈసారి ఉన్నది ఉన్నట్టు రాద్దామన్నాను.

“మన ఇంటి లొసుగులు మనమే పేపర్లో యేయించుకుంటామా పాపా? ఊరు ఊరంతా నగదా?” అన్నారు పెదనాయన.

వడ్డిస్తున్న పెద్దమ్మ గరిటె చేత్తో పట్టుకునే అందుకుంది. “సమ్మందం చూసేటప్పుడు పిల్లోనికి మెల్లకన్నుంటే ముందే చెప్పల్ల. పెండ్లైనాంక తెలిస్తే ఆ యమ్మి ఉంటాదా, పోతాదా? పాప చెప్పేది శానా బాగుండాది. రాయనీండి.”

ఆ ఇంట్లో పెద్దమ్మ మాటకు తిరుగు లేదు. చేయి కడుక్కుని రాయడానికి కూర్చున్నాను. రాజంపేటలో ఎండ జాస్తి అనీ, బడి మొన్నటిదాకా గోదాము అనీ, నీళ్లు బావిలోంచి తోడుకోవాలనీ, ఉండటానికి మా పెద్దమ్మ ఇంట్లో ఒక గది, ఆమె చేతి భోజనం ఉంటాయనీ, లెక్కలంటే హడలిపోయే పిల్లలే అయినా చదువు మానేది లేదని మొండికేసి కూర్చున్నారనీ రాశాను. చివర, సిఫారసులు అక్కరలేదు, భిన్నాలంటే ఏడ్చే పిల్లకు మొదటి పాఠం ఎలా చెబుతారో ఒక్క పేజీ రాసి పంపితే చాలన్నాను.

ప్రకటన అచ్చయింది. టపామనిషి మా వీధి మలుపు తిరగడమే మానేశాడు. రోజూ నేనూ చెల్లెలూ గుమ్మంలో నిలబడి అతని సైకిలు గంట కోసం చెవులు రిక్కించుకుని ఎదురుచూడటం, అతను దూరం నుంచే చేయి అడ్డంగా ఊపి వెళ్లిపోవడం. పెదనాయన మాత్రం ఊరుకుంటారా?

“చూస్తివా పాపా, కట్టలు కట్టలు వచ్చేటివి. నీ ఎండ దెబ్బకు అన్నీ మాడిపాయె!”

నేను చిన్నబుచ్చుకుని ఉండగా, ఒకే రోజు మూడు కవర్లు వచ్చాయి. మూడింటిలోనూ అడిగిన పేజీ ఉంది! మూడూ డిగ్రీ చదివిన ఆడవాళ్లు రాసినవే. చెల్లెలు గంతులు వేసింది. మొదటి రెండూ బాగున్నాయి గానీ, ఆదోని నుంచి వచ్చిన మూడోదాన్ని మాత్రం పైకి చదివి అందరికీ వినిపించాను. భిన్నాలంటే ఏడ్చే ఆ పిల్లను తనకు బొత్తిగా పడని పిల్ల పక్కన కూర్చోబెట్టి, ఒక జొన్నరొట్టె చేతికిచ్చి ఇద్దరికీ సమంగా పంచమంటాననీ, ఆ తర్వాత మూడో పిల్లను తెచ్చి కూర్చోబెడతాననీ, అన్యాయం జరిగితే ఎవరూ ఊరుకోరు గనుక భిన్నాలు వాళ్లే కనిపెడతారనీ రాసిందామె.

పెదనాయన అప్పటికప్పుడే రొట్టె తెప్పించారు. మా చెల్లెలికీ, దానికి బద్ధవిరోధి అయిన మా మేనత్త కూతురికీ మధ్య ఆ రొట్టె పెట్టేసరికి అరుగు మీద చిన్న యుద్ధమే జరిగింది. మూడోవాటాకు నేను వెళ్లి కూర్చోగానే, అప్పటిదాకా భిన్నమంటే కళ్లనీళ్లు పెట్టుకునే చెల్లెలు, తన ముక్క మూడో వంతు కన్నా తక్కువైందని గొంతు చించుకుని వాదించింది. పెదనాయన కడుపు పట్టుకుని నవ్వుతూ, “ఈ యమ్మినే పిలిపిద్దాం పాపా, తంతి ఇయ్యి!” అన్నారు.

ఆమె వచ్చే రోజున ఎవరూ చెప్పకుండానే బడిపిల్లలంతా తలలకు నూనె పెట్టి బిగించి జడలు వేసుకుని స్టేషనుకు వచ్చేశారు. బండి ఆలస్యం. ఎండ నెత్తిన మాడ్చేస్తోంది. ఈమె కూడా మొదటామెలాగే తిరిగి వెళ్లిపోతే ఏం ముఖం పెట్టుకోవాలా అనుకుంటూ నేను పట్టాల వైపే చూస్తున్నాను. బండి ఆగింది. ఆడవాళ్ల పెట్టెలోంచి ముప్పై ఏళ్లామె ఒక ట్రంకుపెట్టె, పరుపుచుట్ట దింపుకుని, చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని మావైపు చూసింది. ఎండకు శ్రమపడ్డారేమోనని పెదనాయన మొహమాటంగా అడిగారు.

“ఎండ జాస్తి అని రాసిన బడిని నేను యాడా చూళ్లేదప్పా,” అందామె నవ్వుతూ. “ఎండనే దాయనోళ్లు నా జీతం దుడ్లు ఎగ్గొడతారా అనుకుని వచ్చేసినా.”

పిల్లలు కేరింతలు కొట్టారు. ఇద్దరు ట్రంకుపెట్టె పట్టుకున్నారు, నలుగురు పరుపుచుట్ట కోసం కొట్లాడుకున్నారు, మా చెల్లెలు ఆమె చేతిసంచి లాగేసుకుంది. ఆమె గదికి వెళ్లి కాళ్లు కడుక్కోవడం కూడా తర్వాతేనని, ముందు నల్లబల్ల చూపించమంది. బడిలోకి రాగానే శనక్కాయల వాసన గట్టిగా పీల్చి, ఆకలి పుట్టించే బడి అన్నది.

సెలవుల తర్వాత ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి చివరి బల్ల మీద కూర్చుంది. మా చెల్లెలు నల్లబల్ల దగ్గర ఒక లెక్క తప్పు చేసి, ఎవరూ చెప్పకుండానే తప్పు పట్టుకుని, చెరిపి మళ్లీ చేసింది. తప్పు చేసినందుకు ఏడవని పిల్లను చూసి ఇన్‌స్పెక్టరమ్మ అక్కడికక్కడే సిఫారసు రాసిచ్చింది. గుర్తింపు వచ్చిన రోజున పెద్దమ్మ బడికంతటికీ ఓళిగలు, అవే బొబ్బట్లు, చేసి పెట్టింది. ఆదోని టీచరమ్మ ఉద్యోగం విరమించేదాకా రాజంపేట వదలలేదు. మా చెల్లెలు ఆమె దగ్గరే చదివి, చివరకు ఆమె కుర్చీలోనే లెక్కల టీచరుగా కూర్చుంది.

ఇప్పుడు ఆ గోదాము లేదు, దాని స్థానంలో మూడంతస్తుల బడి ఉంది. ఆ బండ్లు ఇంకా రాజంపేటలో ఆగుతూనే ఉన్నాయి, కొత్త ఉద్యోగాలకు కొత్త మనుషులు దిగుతూనే ఉన్నారు. ఎవరికి వారికి దారి ముందే తెలుసు, తమ పెట్టె తామే చక్రాల మీద లాక్కుని ఆటో ఎక్కి వెళ్లిపోతారు. సుఖమే, కాదనను. కానీ ముఖమైనా ఎరగని ఒక మనిషి కోసం ఊరి పిల్లలంతా ఎండలో నిలబడి, బండి ఆగగానే పెట్టె అందుకోవడానికి పోటీపడటం మాత్రం ఇక చూడబోము.