మేనత్త కాచిన బీరు

బర్మాలో, తాకేటా అనే పేటలో ఉండే మా మేనత్త ఏది వండినా రుచి చూసేది కాదు, చెవి ఒగ్గి వినేది. సైన్యం గద్దెనెక్కి వీధులు అట్టుడికిన ఆ వేసవిలో అందరం ఇంట్లోనే చిక్కుకుపోయాం. ఓడలో పనిచేసే మామయ్య ఎప్పుడో తెచ్చిన బీరు కిట్టు అప్పుడు అటక దిగింది. మాల్టు పాకం నీళ్లలో కలిపి, ఈస్టు చల్లి, నిమ్మతొక్కలూ తాటిబెల్లమూ అత్త తన సొంతంగా చేర్చింది. రోజూ పీపాకు చెవి ఆనించి, "ఇంకా బుడబుడలాడతంది" అనేది.

సీసాల్లో పోశాక, ఒక మధ్యాహ్నం ఢామ్మని చప్పుడైంది. మేమంతా నేలమీద బోర్లా పడ్డాం. అత్త మాత్రం కదల్లేదు.

"లెగండర్రా! తుపాకీ కాదు, మన బీరే. బెల్లం ఎక్కువైపోనాది."

హడలిపోయి పైకొచ్చిన కింది వాటా బర్మా పెద్దాయన, గోడమీద కారుతున్న నురగ చూసి చరచరా మెట్లు దిగి వెళ్లిపోయాడు. కోపమొచ్చిందనుకున్నాం. కాసేపటికి భార్యతో సహా గ్లాసులు పట్టుకుని తిరిగొచ్చాడు.