ఆర్గన్ పక్కన నా తల

వయసులో ఉన్న రోజుల్లో మనిషికి రాని విద్యంటూ ఉండదు; ఎవరైనా అడగడమే ఆలస్యం, వచ్చేస్తుంది. కెనడాలో, ఎడ్మంటన్‌లో చదువుకునేటప్పుడు ఒక చర్చిలో నలభై మంది గాయకులను నేను ఒంటి తలతో నడిపించానని ఇక్కడి రిచ్‌మండ్ హిల్ మిత్రులకు ఇప్పటికీ చెబుతుంటాను. (నలభై కాదు, పద్నాలుగు. నడిపించడం సంగతి కూడా చెబుతాను, ఆగండి.)

నేను అద్దెకున్న బేస్‌మెంట్ ఓనర్ ఆంటీ ఆ చర్చిలో ఆర్గన్ వాయించేవారు. గోడంత ఎత్తు గొట్టాలతో, చేతులకే కాక కాళ్లకు కూడా మెట్లున్న వాద్యం అది. ఆవిడ ప్రాణమంతా పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి స్వరకర్త ఒకాయన మీదే. (ఆయన పేరు నా నోటికి ఇప్పటికీ సరిగ్గా తిరగదు, అందుకే రాయడం లేదు.) ఆయనా ఆర్గన్ విద్వాంసుడే. ఏళ్ల తరబడి ఒకే చర్చిలో వాయిస్తూ, ఇంటింటికీ తిరిగి పాఠాలు చెబుతూ, మిగిలిన కాసేపట్లో గొప్ప సంగీతం రాస్తే బతికుండగా పట్టించుకున్నవాళ్లు తక్కువట. వేళ్ల నొప్పులతో రిటైరవుతున్న ఆంటీ, ఆఖరిసారి ఆయన రచనే వాయించాలని పట్టుబట్టారు. తీరా ఆ రోజు, పక్కన నిలబడి ఆవిడకు నొటేషన్ పేజీలు తిప్పే మనిషికి జ్వరం.

"నీకు నొటేషన్ చదవడం వచ్చా?" అని అడిగారు.

"మావైపు పెద్ద పెద్ద సభల్లో హార్మోనియం వాయించాను ఆంటీ." (వినాయక చవితి పందిట్లో, ఒక్కసారి. అదీ వాయించేది వేరొకడు, తిత్తి నొక్కింది నేను.)

వరంగల్ నుంచి వచ్చిన మా రూమ్మేట్ నెత్తి కొట్టుకున్నాడు. "నీకు నొటేషన్ గిటేషన్ ఏం తెల్వదు గదరా! ఆంటీ పరువు తీస్తవ్ పో."

"ఆవిడ తల ఊపినప్పుడల్లా పేజీ తిప్పడమేరా. దానికి చదువెందుకు?"

గాయకులు మా వెనక నిలబడ్డారు. ఎప్పుడు ఎత్తుకోవాలో ఆంటీ తల ఊపి చెప్పాలి. ఆ తలకు సరిగ్గా అడ్డంగా నేను నిలబడ్డాను. మూడో పేజీలో ఆర్గన్ ఒంటరిగా, నెమ్మదిగా సాగుతూ ఒక మలుపు తిరిగింది చూడండీ! మంచి సంగతి పడితే మనవాళ్లం ఊరుకుంటామా? కచేరీలో ముందు వరసలో కూర్చున్నట్టు నా తల దానంతటదే ఊగింది. పద్నాలుగు గొంతులూ గుప్పున లేచాయి. పాట రావలసింది ఇంకా రెండు పేజీల తర్వాత!

"తిప్పు, రెండు తిప్పు!" అన్నారు ఆంటీ పళ్లు బిగబట్టి. నేను నాలుగు తిప్పాను. పాపం, మిగతాదంతా ఆవిడ చూడకుండానే వాయించేశారు.

అయ్యాక దగ్గరికెళ్లి తల వంచుకున్నాను. "సారీ ఆంటీ. నాకు నొటేషన్ రాదు. హార్మోనియం కూడా రాదు."

"మొదటి కాగితం తలకిందులుగా పెట్టినప్పుడే తెలిసింది. అప్పటికే జనం కూర్చున్నారు, ఏం చేయను? అది సరే, తల ఎందుకు ఊపావ్?"

"బావుంది కదా ఆంటీ..."

ఆవిడ ఆర్గన్ మూత వేశారు. "ఆయన సింఫనీ మొదటిసారి వినిపిస్తే హాల్లో ఒక్కరూ చలించలేదట. ఇన్నేళ్లుగా నాకూ ఇక్కడ అంతే. పోనీలే, మా ఇద్దరికీ కలిపి నువ్వు ఊపావు."

ఈ ఆఖరి మాట నేనే అల్లానని మా ఆవిడ అనుమానం. నలభై మంది అన్నవాణ్ణి ఎవరు నమ్ముతారు లెండి! కానీ అదొక్కటీ నిజం. ఆ సంగీతం రేడియోలో వస్తే ఇప్పటికీ కారు పక్కకు తీసి ఆపేస్తాను. వెనక కార్లవాళ్లు ఈ ముసలాడికి ఏమైందోనని తొంగి చూస్తూ పోతారు. నేను హాయిగా తల ఊపుకుంటాను.