అచ్చుతప్పుల తాతగారి అంజూరాలు

అచ్చుతప్పు కనబడితే ఆయనకి అన్నం సయించదు. ముప్పై నాలుగేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఆయన రిటైరై ఆరేళ్లయినా చొక్కా జేబులో ఎర్ర పెన్ను మాత్రం రిటైర్ కాలేదు. ఎవరైనా శుభలేఖ పంపితే, తప్పులు దిద్ది, అడుగున "రెండో ప్రూఫు పంపండి" అని రాసి వెనక్కి పంపేవారు. ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే గది తలుపు మీద 'శస్త్రచికిత్స' బదులు 'శాస్త్రచికిత్స' అని కనబడింది. అది దిద్దేదాకా మత్తుమందు పుచ్చుకోనని స్ట్రెచర్ మీదే భీష్మించుకున్నారు. వీధిలో అందరికీ ఆయన అచ్చుతప్పుల తాతగారు.

అలాంటి మనిషితో ఒకే ఇంట్లో నెగ్గుకురావడం ఎలాగో ఆయన కోడల్ని అడగాలి. ఆమె మందుల షాపులో ఫార్మసిస్టు. పొద్దస్తమానం డాక్టర్ల కోడిగీతలు చదివి ఇల్లు చేరితే, ఫ్రిజ్ మీద తను అంటించిన సరుకుల జాబితా నెత్తురోడుతూ కనబడేది.

"మావయ్యగారూ, ఉల్లిపాయల్లో వత్తు లేకపోతే కొట్టువాడు ఇవ్వడా అండీ?"

"ఇస్తాడమ్మా. వత్తు లేని ఉల్లిపాయలు తింటే నాకే అరగదు."

ఒకరోజు ఆమె గులాబీ మొక్క తెమ్మని నర్సరీకి పంపింది. తాతగారు అంజూర మొక్క పట్టుకొచ్చారు.

"గులాబీ ఏదండీ?"

"మొక్కకి గుచ్చిన చీటీ మీద 'గులాబి' అని ఉందమ్మా. దీర్ఘం లేని మొక్కని ఇంటికెలా తేను? పక్కనే 'అంజూరం' అని ఒక్క తప్పూ లేకుండా ఉంది. ఇదే తెచ్చా."

అలా మొదలైంది. పై వారం 'నల్ల అంజూరం' వచ్చింది. ఆ తర్వాత 'తేనె అంజూరం', ఇంకో నెలకి 'పులిచారల అంజూరం'. చూస్తుండగా పెరడంతా కుండీలే అయిపోయాయి. బట్టలారేసే తీగ కింద నుంచి వంగి నడవాల్సి వచ్చేది.

"నాన్నా, స్కూటర్ ఎక్కడ పెట్టను?" అని కొడుకు గుమ్మంలోంచి అరిచేవాడు.

"తేనె పక్కన పెట్టు. పులి జోలికి పోకు, అది ఇంకా పసిది!"

మొక్క కొన్నా కొనకపోయినా రోజూ ఉదయం నర్సరీలో గంటన్నర ఉండాల్సిందే. అంతసేపు ఏం చేస్తారని కోడలు అడిగితే, "చీటీలు పరిశీలించొద్దూ?" అనేవారు. పాపం, ఆ నర్సరీ ఆవిడ ఎలా భరిస్తోందోనని కోడలు జాలిపడేది.

రెండో ఏడు కాయలొచ్చాయి. కోడలు పదకొండు కుండీల దగ్గరా వంగి చూసింది. అన్నిటికీ అవే ఆకులు, అవే చీలికలు, అవే కాయలు. ఒకే మాత్రని పదకొండు కంపెనీలు పదకొండు డబ్బాల్లో పెట్టి అమ్మడం ఆమె రోజూ చూసేదే.

"మావయ్యగారూ, ఇవన్నీ ఒకటే రకం కాదూ?"

"కంటికి అలాగే ఉంటాయిలే," అని తాతగారు నీళ్ల పైపు పట్టుకుని అటు తిరిగిపోయారు. రోడ్డవతలి బోర్డు మీద సున్నా చెరిగిపోతే ఇవతల నుంచే పట్టే మనిషి! కోడలికి నమ్మబుద్ధి కాలేదు.

అంతలో ఊళ్లో మొక్కల పోటీ వచ్చింది. నర్సరీ ఆవిడే తాతగారి పేరు ఇచ్చేసి, కుండీలన్నీ తన ట్రాలీ ఆటోలో హాలుకి చేర్చింది. "పదకొండు రకాలూ మా నర్సరీవే!" అని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పుకుంటూ నిలబడింది. ఆమె దగ్గర మొక్కలు కొనేవాళ్లు సగం మంది అక్కడే ఉన్నారు.

న్యాయనిర్ణేత వ్యవసాయ కాలేజీ లెక్చరరు. ఆకులు తడిమి చూసింది, రెండు కాయలు కోసింది. మళ్లీ మొదటి కుండీ దగ్గరికి వచ్చింది.

"పేర్లు పదకొండు ఉన్నాయి. రకం మాత్రం ఒక్కటే. ఈ చీటీలు పెట్టిందెవరు?"

నర్సరీ ఆవిడ మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. జనం ఆవిడ వైపు తిరుగుతున్నారు.

"నేనే," అన్నారు తాతగారు. "కుండీలు మార్చేటప్పుడు వేరే చీటీలు తెచ్చి వీటికి గుచ్చేశాను. తప్పు నాదే."

కోడలి చేతిలో నీళ్ల సీసా జారి కింద పడింది. కాపురానికి వచ్చి పన్నెండేళ్లు, ఆ నోట 'తప్పు నాదే' అన్న మాట వినడం అదే మొదటిసారి.

లెక్చరరు నవ్వేసింది. "రకాలకి బహుమతి ఇవ్వలేనండీ. కానీ ఇంత ఏపుగా పెరిగిన అంజూరాలు నేను మా కాలేజీలోనూ చూళ్లేదు. పెంపకంలో మొదటి బహుమతి మీదే!"

హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది నర్సరీ ఆవిడే, కళ్లు తుడుచుకుంటూ.

ఇంటికి వచ్చేటప్పుడు కోడలు ఆగలేకపోయింది. "నిజం చెప్పండి. మీకెప్పుడు తెలిసింది?"

"మూడో మొక్కప్పుడే."

"మరి పదకొండు ఎందుకు కొన్నారు?"

"ఆవిడకి చదువు రాదమ్మా. మొక్కలు దించే వ్యాను వాడు అంజూరాల చీటీల కట్ట పడేసి పోతే, చేతికొచ్చింది తీసి గుచ్చేసేది. నేర్పుతానంటే ఈ వయసులో నాకెందుకంది. అదే కొనేవాడు 'చీటీ చదివి చెప్తేనే కొంటాను' అంటే చచ్చినట్టు చదవాలిగా! మొదటి నెల 'అం' దాటలేదు. మొన్న పదకొండో చీటీ గడగడా చదివేసింది."

"అన్నీ అంజూరాలే ఎందుకండీ?"

"పాఠం మధ్యలో మార్చకూడదమ్మా."

ఆదివారం పొద్దున్నే నర్సరీ ఆవిడ ట్రాలీ వీధిలో ఆగింది. లెక్చరరుని అడిగి తెచ్చిన నాలుగు అంజూరాలు, నిజంగానే నాలుగు రకాలు. చీటీల మీద వంకరటింకరగా ఆవిడ సొంత చేతిరాత. తాతగారు ఆ ముందురోజే గేటుకి కొత్త బోర్డు తగిలించారు, అంజూరాల తోట చూడవచ్చే జనం కోసం. ఆవిడ మొక్క దించబోతూ ఆగి, వేలు పెట్టి చదవసాగింది.

"చూ... డ... ల... తాతగారూ, 'చూడదలచినవారు'లో 'ద' ఏదండీ?"

తాతగారు కళ్లద్దాలు సవరించుకున్నారు. బోర్డుకి ముక్కు ఆనించి చూశారు. ఇక యుద్ధమేనని కోడలు గుమ్మంలో ఊపిరి బిగబట్టింది.

"అమ్మాయ్, పట్టేసింది! నా తప్పు పట్టేసింది!" ఆయన కేకకి వీధి వీధంతా గేటు దగ్గరికి వచ్చింది. వచ్చినవాళ్లందరికీ లేని 'ద' ఉండాల్సిన చోటు వేలు పెట్టి చూపించారు. ఎంతసేపటికీ ఆ సంబరం తగ్గలేదు.

"ముందు ఆ బోర్డు దిద్దండి తాతగారూ, నలుగురూ నవ్వుతారు," అంది నర్సరీ ఆవిడ సిగ్గుపడుతూ.

"ఉండండమ్మా, ఎదురింటి టైలరు ఇంకా చూళ్లేదు!"