శనివారం దొరకని ఆముదం

మా మోటారు షెడ్డు మేస్త్రీ మొన్న పొద్దున్న పోయారు. కబురు తెచ్చినవాడు నాకు గుర్తు రాలేదనుకుని, "అదే, ఆముదం మేస్త్రీ" అని ఆనవాలు కూడా చెప్పాడు. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. అనకాపల్లిలో ఆయనకు ఆ పేరు పడడానికి కారణం నేను. చెప్పవలసిన రోజున నోరు మెదపలేదు. ఇప్పుడైనా చెప్పకపోతే నేను మనిషినే కాను.

నేను బెల్లం షావుకారు గారి కారు డ్రైవర్ని. మేస్త్రీతో చుట్టరికం లేకపోయినా మామా అనే పిలిచేవాణ్ణి. బ్రేకు ఆయిలు చూడడం నేర్పింది ఆయనే. మా కారుకి ఆ ఆయిలు డబ్బా డ్రైవరు కాళ్ళ కింద, నేల పలక అడుగున ఉంటుంది. పలక ఎత్తగానే మూత మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. ముందు చుట్టూ తుడవాలి, ఇసక రేణువు కూడా లోపల పడకూడదు. దానికోసమే ఆయన భుజం మీద ఒక తెల్లగుడ్డ ఉండేది. షెడ్డంతా మసి కొట్టుకుపోయినా ఆ గుడ్డ మాత్రం పండగనాటి పంచెలా ఉండేది. దాని జోలికి ఎవరు వెళ్ళినా చెయ్యి విరగ్గొడతాననేవారు. మూత తీశాక, ఆయిలు అంచుకి వేలెడు కిందికి ఉందో లేదో చూసేవారు. తగ్గి ఉంటే వెంటనే పోసేవారు కాదు. నాలుగు చక్రాల దగ్గరా వంగి, చెమ్మ తగులుతుందేమోనని తడిమేవారు.

"తగ్గిందని పోసీడమేనేటిరా? అది ఎటు పోయిందో ముందు సూడు. సక్రం కాడ కారితే, నువ్వు పోసిందీ ఆ దారినే పోతాది," అనేవారు.

యుద్ధం రోజుల్లో బ్రేకు ఆయిలు డబ్బాలు రావడం ఆగిపోయింది. మేస్త్రీ ఆముదంలో స్పిరిట్ కలిపి సీసాల్లో పోసి ఇచ్చేవారు. రెండేళ్ళపాటు ఊళ్ళో బళ్ళ బ్రేకులు దాంతోనే పట్టాయి. నాకు మాత్రం ఒకటికి పదిసార్లు చెప్పారు.

"ఆముదం రబ్బరుకి పడతాది. ఇంజినాయిలు సుక్క తగలనీకు. లోపల రబ్బరు బిళ్ళలు ఉబ్బిపోయి బ్రేకు సచ్చిపోతాది."

ఒక శనివారం పొద్దున్న చూస్తే ఆయిలు బాగా తగ్గింది. షెడ్డుకి పరుగెత్తాను. సీసాలన్నీ ఖాళీ.

"స్పిరిట్ ఉంది. అరసోల ఆముదం ఒట్టుకురా, సిటికెలో కలిపేత్తాను," అన్నారు మామ.

షావుకారు గారింటికి వెళ్ళి అడిగితే అమ్మగారు గుమ్మంలోనే ఆపేశారు. "శనివారం పూట నూనె చేతికిస్తారేటి? రేపు పట్టుకెళ్ళు," అన్నారు. బజారులో రెండు దుకాణాల వాళ్ళు, శనివారం బోణీ ఆముదంతోనా అని నన్ను ఎగాదిగా చూశారే గాని కొలవలేదు. అవతల షావుకారు గారికి చోడవరం వెళ్ళే తొందర. నాకు ఒళ్ళు మండిపోయింది. కారు వెనక ఇంజినాయిలు డబ్బా ఉంది. రెండు గరిటెలకేం మునిగిపోతుందిలే అనుకున్నాను. తుడవకుండానే మూత తిప్పి పోసేశాను. చక్రాల వైపు చూడనే లేదు.

ఆ రోజు బ్రేకులు పట్టాయి. మర్నాడూ పట్టాయి. నేను మరిచిపోయాను. నాలుగో రోజు శారదా నది వంతెన దిగుతుంటే పెడలు నేలకంటింది. ఎదర చెరకు బండి. ఎడ్లను పక్కకి లాగుతున్న బండివాడి వీపు ఒక్కటే నాకు కనిపించింది.

అతను ఆ సాయంత్రమే పోయాడు. ఎస్. రాయవరం వైపు రైతు. అతని భార్య వచ్చి, చెదిరిన చెరకు గడల మధ్య నిలబడి, "ఎడ్లకి ఎవులైనా నీల్లు ఎట్టేరా?" అని అడిగింది. ఆ గొంతు నన్ను ఇప్పటికీ వదలదు.

మేస్త్రీ వచ్చి పలక ఎత్తారు. అప్పుడు కూడా మూత చుట్టూ తుడిచారు. వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, వాసన చూశారు. తల ఎత్తి నా వైపు చూశారు. నేను చూపు తిప్పుకున్నాను.

"ఏటైంది?" అన్నారు షావుకారు గారు.

"బ్రేకు పోయిందండి. డ్రైవరు తప్పేటీ నేదు," అన్నారు మామ.

అంతే. మిగిలింది ఊరు పూరించుకుంది. ఆముదం పోసి మనిషిని చంపాడన్నారు. షెడ్డుకి బళ్ళు రావడం మానేశాయి. అంతటి మేస్త్రీ సైకిళ్ళకి పంక్చర్లు వేసుకుని బతికారు. దారిలో కనబడితే నన్ను ఒక్కటే అడిగేవారు, "మూత తుడిసేవా?" అని. తుడిచాను మామా అనేవాణ్ణి. ఒక్కసారి నోరు తెరిస్తే ఆయన పేరు నిలబడేది. జైలనీ, ముగ్గురు పిల్లలనీ రోజుకో సాకు చెప్పుకున్నాను. ఆయనకు అసలు సంగతి తెలియదేమోనని కూడా నన్ను నేను మభ్యపెట్టుకున్నాను.

నిన్న, చెప్పేద్దామనే ఆయన ఇంటికి వెళ్ళాను. నేను మాట కూడగట్టుకునే లోపే అత్త లోపలికి వెళ్ళి తెల్లగుడ్డ మూట తెచ్చింది.

"ఇది నీకిమ్మన్నాడు మీ మామ. 'ఎవులికీ సూపకు, ముగ్గురు గుంటలున్నోడు' అన్నాడు. ఏటో నాకు తెల్దు."

విప్పాను. మా కారు బ్రేకులోని రబ్బరు బిళ్ళ, ప్రమాదం తర్వాత విప్పినప్పుడు తీసింది. ఉబ్బి, అంచులు చిరిగి ఉంది. దాన్ని ఊళ్ళో ఏ మోటారు పనివాడికి చూపించినా చాలు, ఆయన మీద పడ్డ మాట చెరిగిపోయేది. ఇన్నేళ్ళూ ఇంట్లోనే దాచారు.

"అది ఆముదం కాదు అత్తా," అన్నాను. అంతా చెప్పాను. మీకు చెప్పినట్టే.

ఆవిడ బిళ్ళను నా చేతిలోనే వదిలేసి, గుడ్డ తీసుకుని దులిపి, ఇంటిని ఆనుకున్న షెడ్డులో, ఆయన రోజూ దాన్ని వేలాడదీసే మేకుకి తగిలించింది. ఎన్నడూ మాయని ఆ తెల్లగుడ్డ నడుమ, గుండ్రంగా, ఇంజినాయిలు మరక.