బాదం పొట్టు రంగు పిట్ట

ఎల్లారెడ్డిలో చీరలకు రంగులద్దే ముక్తార్ చేతులు ఏ రోజూ చేతుల రంగులో ఉండేవి కావు. పెళ్లిళ్ల కాలంలో మోచేతుల దాకా ఎరుపు, మిగతా కాలమంతా నీలం. అలాంటి మనిషి సరదా పడటానికి లోకంలో ఇంకేమీ దొరకనట్టు, కొత్త రంగు పిట్టలను పుట్టించాలనుకున్నాడు. నన్నడిగితే అసలు తిరకాసు అక్కడే ఉంది.

ఎనభైల మొదట్లో రంగుపొడి కోసం హైదరాబాదు వెళ్లి, రెండు జతల ఫించ్ పిట్టలతో తిరిగొచ్చాడు. పిచ్చుక కన్నా చిన్నవి, బూడిద రంగు వీపు, ఎర్రని ముక్కు. అవి గుడ్లు పెట్టుకోవడానికి పంజరంలో చిన్న ముంతలు కట్టాడు. రోజూ కొర్రలు పోశాడు. ఒక జతలోని మగదాన్ని ఇంకో జతలోని ఆడదానికి మార్చి మార్చి జత కలిపాడు. ఎన్నిసార్లు పొదిగినా బూడిద పిల్లలే. మూడో ఏట మాత్రం ఒక ఆడ పిట్టపిల్లకు బాదం పొట్టు రంగు ఈకలు మొలిచాయి.

ముక్తార్ పరుగున వెళ్లి భార్య బిల్కిస్‌ను పిలుచుకొచ్చాడు. ఆ ఇంట్లో మంచి మాటలు ఉర్దూలో, వీధికి వినిపించాల్సిన మాటలు తెలుగులో నడిచేవి.

"ఏ గంగాళంల ముంచినవ్?" అంది బిల్కిస్, తెలుగులో.

ఆమెను తప్పు పట్టలేం. పెళ్లయిన కొత్తలో అందరినీ నవ్విద్దామని ఈ పెద్దమనిషే అత్త హఫీజా తెల్ల మేకకు గులాబీ రంగు పూశాడు. దాన్ని చూసి మిగతా మేకలు బెదిరి లింగంపేట దారి పట్టాయి. అప్పటి నుంచి రంగుల విషయంలో ఆ ఇంట్లో ఆయన మాటకు విలువ లేదు. ఊరు నమ్మకపోయినా ముక్తార్‌కు పెద్దగా పట్టింపు లేదు. బిల్కిస్ నమ్మాలి. అదొక్కటే ఆయన పట్టుదల.

కామారెడ్డి నుంచి పిట్టను చూడడానికి వచ్చిన బావమరిది సలీమ్, పిట్టను వదిలేసి ముక్తార్ చేతులను చూశాడు. చాయ్ తాగి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఇలా కాదని ముక్తార్ వీధి జనం ముందే పిట్టకు నీళ్లగిన్నె పెట్టాడు. అది హాయిగా జలకాలాడింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

"పక్కా రంగు," అని మెచ్చుకుంది పక్కింటి పోచవ్వ.

తర్వాత దానికి బూడిద మగపిట్టను జత చేశాడు. ముంతలో నాలుగు పిల్లలు లేచాయి. నాలుగూ బూడిదవే.

"తల్లికి పూసినవ్, పిల్లలకు మరిచినవ్," అంది బిల్కిస్. ముక్తార్ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

ఇంతలో పోచవ్వ ఒక తెల్లచీర పట్టుకొచ్చింది. "పిట్టకేసిన రంగే దీనికెయ్యి బిడ్డా."

"అది నేనేసింది కాదవ్వా. పుట్టుకతోనే వచ్చింది."

"నా దగ్గరనే దాస్తున్నవా? నా చేతి సకినాలు తిన్నది యాది లేదా?"

సంగతి సకినాల దాకా వచ్చాక ఏం చేస్తాడు, ఒప్పుకున్నాడు. పంజరం ముందు పెట్టుకుని పసుపు, ఎరుపు, నలుపు కలిపి గుడ్డపేలికలు ముంచాడు. ఒకటి బెల్లం పాకంలా తేలింది, ఒకటి ఇటుకలా. ఇంకొకటి, చెప్పకూడదు గానీ, అచ్చం పేడే. బిల్కిస్ పొయ్యి దగ్గర నుంచి అంతా చూస్తూనే ఉంది. వారం తిరిగేసరికి దండెం నిండా పేలికలు వేలాడాయి. ఒక్కటీ పిట్టతో సరిపోలేదు.

చివరికి బిల్కిస్ లేచి, ఆ పేలికలన్నీ తీసి, ఒక్కొక్కటే పంజరానికి ఆనించి చూసింది. మళ్లీ ఏమంటుందోనని ముక్తార్ తల దించుకున్నాడు.

"ఇది నీ చేతి రంగు కాదు," అందామె నెమ్మదిగా. "గింత మంచి రంగు కలపనీకి నీకు రాదు. పిట్ట గట్లనే పుట్టింది."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు నల్లా దగ్గర బిల్కిస్ తనే అందరికీ చెప్పింది: "ఆయనే ముంచిండనుకున్న. ఆయనతోని గంత పని యాడయితది?"

ఆ రోజు ముక్తార్ ఎల్లారెడ్డి బజారంతా తలెత్తుకుని తిరిగాడు.