తక్కెడ బాబాయి ఊరుకున్న రోజు

తక్కెడ బాబాయి తూచందే దేన్నీ నమ్మడు. మనుషుల్ని తూచడం కుదరదు కాబట్టి వాళ్లను అసలే నమ్మడు. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి, రిటైరై పదేళ్లయినా, అందరూ కళ్లజోడు పెట్టుకునే చొక్కా జేబులో ఆయన ఒక చిన్న స్ప్రింగు కాటా పెట్టుకుని తిరుగుతాడు. కళ్లజోడు మాత్రం ఇంట్లో ఎక్కడో మరిచిపోతాడు.

ఈ సంగతులేవీ ప్రూఫు రీడరుకు ముందు తెలియవు. తెలిసి ఉంటే ఆ సముద్రపు ఒడ్డు ఊళ్లో ఆయన మేడ మీద గది తీసుకునేదే కాదు. స్కూలు పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో తప్పులు దిద్దడం ఆమె పని. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చినా అన్నయ్య ఇంట్లోనే ఉంటోంది, ఎక్కడా ఒక్కతీ నాలుగు రోజులు గడిపిన మనిషి కాదు. ఆ ఏడు తెగించింది. ప్రూఫుల కట్ట సంచీలో వేసుకుని, నలభై రోజులు సముద్రం దగ్గర ఒంటరిగా ఉండి పని చేసుకొస్తానని ఇంట్లో చెప్పింది. వదిన నవ్వి, "పది రోజులు. ఆ పైన మాట్లాడే దిక్కు లేక నువ్వే వచ్చేస్తావు" అంది. వదిన చెడ్డ మనిషి కాదు, అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది. మాట్లాడే మనుషుల్ని తనంతట తాను సంపాదించుకుని చూపించాలని ప్రూఫు రీడరుకు పట్టుదల కలిగింది.

గేటు దగ్గర బాబాయి ఎదురొచ్చి ఆమె సంచీ అందుకున్నాడు. పెద్దమనిషి సాయం చేస్తున్నాడని ఆమె సంతోషించేలోపే దాన్ని కాటా కొక్కేనికి తగిలించాడు.

"ఎంతుంటుందమ్మా ఈ సంచీ?"

"ఎనిమిది కిలోలుంటుందండీ."

"పదిన్నర. ఆ రెండున్నర కిలోలూ ఏమిటి?"

"కాయితాలు."

"రెండున్నర కిలోల కాయితాలు" అని ఆయన పదాలు విరిచి విరిచి అన్నాడు. "వెంట ఎవరూ రాలేదు. వెనకాల ఎవరైనా వస్తారా?"

"రారు బాబాయిగారూ."

ఆ బాబాయి పిలుపును కూడా ఆయన చేత్తో పట్టుకుని బరువు చూసినట్టే మొహం పెట్టి, ఇంత త్వరగా వరస కలిపిందేమిటా అని అనుమానపడుతూ తాళంచెవి ఇచ్చాడు.

మెట్ల మీద పక్కింటివాళ్లు ఆమెకు బాబాయి చరిత్ర క్లుప్తంగా చెప్పి, గబగబా లోపలికి వెళ్లిపోయారు. వంద గ్రాములని రాసి ఉన్న సబ్బు ఆయన కాటాకు తొంభై నాలుగే తూగిందట. కంపెనీకి ఉత్తరం రాశాడు. వాళ్లు క్షమించమని రాసి కొత్త సబ్బొకటి పంపారు. అది నూట రెండు తూగింది. ఎక్కువ ఎందుకిచ్చారని మళ్లీ ఉత్తరం రాశాడు. దానికి జవాబు రాలేదు. దొరికిపోయినవాళ్లు జవాబేం రాస్తారని ఆయన ఇప్పటికీ అంటాడు. ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళితే, బరువు చూసే మిషన్ మీద తాను ఎక్కే ముందు సంచీలోంచి ఐదు కిలోల రాయి తీసి పెట్టాడట. మిషన్ సరిగ్గా ఐదే చూపించింది. మిషన్‌లో తప్పు దొరక్కపోయేసరికి ఆయనకు డాక్టరు చదువు మీద అనుమానం వచ్చింది.

సముద్రాన్ని కూడా ఆయన వదల్లేదు. పెరటి గోడ అవతల ఇసుకలో ఒక గెడ పాతి, దాని మీద గీతలు గీసి, అలలు ఎందాకా వచ్చాయో రోజూ పొద్దున్నే చూసుకుంటాడు. సముద్రం చెప్పాపెట్టకుండా గజం లోపలికి జరిగిందని ఆయన లెక్క. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ మహా గడుసుదని ప్రూఫు రీడరును ప్రత్యేకంగా హెచ్చరించాడు.

గది మాత్రం బాగుంది. ఒక ఇనుప మంచం, ఒక కుర్చీ, సముద్రం వైపు కిటికీ, బయట వరండాలో ఒక బల్ల. గాలికి కాయితాలు ఎగిరిపోతుంటే బాబాయి తన ఇత్తడి తూకపు రాళ్లు తెచ్చి వాటి మీద ఒక్కొక్కటీ పెట్టాడు. ఆమెకు మనసు కరిగింది. సాయంత్రం ఆయనే వచ్చి ఆ రాళ్లన్నీ తిరిగి తూచుకుని వెళ్లేసరికి మళ్లీ గట్టిపడింది.

అసలు చిక్కు ఊళ్లో మొదలైంది. కిరాణా కొట్టాయన ఆమెను చూడగానే తక్కెడ పళ్లాలు రెండూ తుడిచి, ఖాళీ తక్కెడ ఎత్తి చూపించి, ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టేవాడు. దర్జీ మీటరు బద్దను వీపు వెనక దాచుకునేవాడు. ఆమె టీ కొట్టు బెంచీ మీద ఒక చివర కూర్చుంటే రెండో చివరిదాకా బెంచీ ఖాళీ అయ్యేది. అందరూ ఆమెను మేడమ్ అనేవాళ్లు. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడేవాళ్లు కాదు.

అన్నిటికంటే ఆమెను బాధపెట్టింది చేపల అక్క. ఒడ్డున పడవల పక్కన గోనె పరుచుకుని కూర్చునే ఆ అక్క, ఎవరికి చేపలు తూచినా చివర్లో రెండు చిన్న చేపలు కొసరు వేస్తుంది. కొసరుతో పాటు ఒక కబురు, ఒక వేళాకోళం, వాళ్లింట్లో అందరి యోగక్షేమాలు. ప్రూఫు రీడరు వంతు వచ్చేసరికి నోరు కుట్టేసినట్టు అయిపోయి, ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడేలా తూచి, "సరిపోయిందా మేడమ్" అంటుంది. కొసరు లేదు, కబురు లేదు. తనలో ఏం లోపం కనిపించిందో ప్రూఫు రీడరుకు అంతుపట్టలేదు. అద్దంలో మొహం చూసుకుంది. చీర మార్చి చూసింది. ఒకరోజు ముందుగా తనే నవ్వి చూసింది. అక్క తక్కెడను ఇంకోసారి కడిగింది.

పదకొండో రోజు పొద్దున్న వదిన పెట్టిన గడువు దాటిందని ఆమెకు గుర్తొచ్చి ఉత్సాహం వచ్చింది. ఆ మాట చెప్పుకోవడానికి ఒక్క మనిషి కూడా లేడని మరుక్షణం గుర్తొచ్చి ఏడుపొచ్చింది. నలభై రోజులూ ఉండటం పెద్ద పని కాదు. గోడలతో మాట్లాడుతూ ఉంటే గెలిచింది వదినే అవుతుంది.

పేజీలో ఎక్కడో తప్పుందని తెలిసి, అదెక్కడుందో కనబడకపోతే ఆమెకు అన్నం సహించదు. ఊరంతా ఒక పేజీ అనుకుని మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది. చివరికి చూపు బాబాయి మీద ఆగింది. ఆయన రోజూ రెండు ప్రశ్నలు అడుగుతాడు. "ఎక్కడికమ్మా? ఎన్నింటికి?" తొమ్మిదింటికి చేపలకని ఆమె చెబితే, తొమ్మిదికి పది నిమిషాల ముందే గుమ్మంలో ఆయన చెప్పులు మాయం. కొట్టుకైనా అంతే, దర్జీ దగ్గరికైనా అంతే. ఈ మనిషి ముందుగా వెళ్లి తన మీద ఏదో చెడు చెబుతున్నాడని ఆమె తేల్చుకుంది.

ఇరవై మూడో రోజు తొమ్మిదింటికి వెళతానని చెప్పి, ఎనిమిదిన్నరకే ఇసుక దారిన వెళ్లి బోర్లించిన పడవ వెనక నిలబడింది. సమయం తప్పకుండా బాబాయి వచ్చాడు. చేపల అక్క ముందు వంగి గొంతు తగ్గించాడు.

"వస్తోంది. తూకం జాగ్రత్త. వరండాలో కూర్చుని ఎర్ర సిరాతో పేజీల మీద పేజీలు నింపుతోంది. ఎవరెవరి పేర్లున్నాయో నేను చూడలేదు. పక్కన ఇత్తడి రాళ్లు కూడా పెట్టుకుంది, మీరంతా చూశారు కదా."

"ఇంకా ఎన్నాళ్లుంటుంది బాబాయ్ ఈ మారువేషం ఇన్‌స్పెక్టరమ్మ?" అంది అక్క దిగులుగా.

"పై ఆఫీసు సంగతులు మనకేం తెలుస్తాయి" అని ఆయన నిట్టూర్చాడు.

ప్రూఫు రీడరు చేపలు కొనలేదు. తిన్నగా గదికి వెళ్లి సంచీ సర్దేసి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. బాబాయి మెట్లెక్కి వచ్చి, సర్దిన సంచీని చూసి, అలవాటుగా జేబు దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను ఇన్‌స్పెక్టరునని చెప్పారా ఊళ్లో?"

"నోటితో అనలేదు. అనుకోనిచ్చాను."

"నా మీద మీకంత అనుమానం దేనికి బాబాయిగారూ?"

"నీ మీద కాదమ్మా" అని ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "నా అనుమానం ఊరి మీద."

అప్పుడు చెప్పాడు. ఆయన చెల్లెలు ఇరవై ఏళ్ల వయసులో టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగమొచ్చి వేరే ఊరికి ఒంటరిగా వెళ్లిందట. గది ఇచ్చినవాళ్లు ఆరాలు తీశారు. కొట్లవాళ్లు ఒంటరి పిల్ల అడగలేదులే అని తూకంలో కోసేశారు. వీధిలోవాళ్లు నోటికొచ్చింది అన్నారు. మూడు వారాలకే పెట్టె పట్టుకుని తిరిగొచ్చేసింది. ఆ తర్వాత ఒంటరిగా గడప దాటలేదు. ఇప్పటికీ బస్సెక్కాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి.

"ఒక్క నెల నిలబడితే అదే అలవాటయ్యేది. ఆ నెల దాన్నెవరూ నిలబడనివ్వలేదు" అన్నాడు బాబాయి. "నీ నెల ఎవరూ చెడగొట్టకూడదనుకున్నాను."

ఆమెకు కోపం సగం పోయింది. మిగిలిన సగం ఇంకా ఉంది.

"ఎవరూ మోసం చెయ్యలేదు బాబాయిగారూ. ఎవరూ మాట్లాడనూ లేదు. నాకు తూకం తగ్గినా ఫరవాలేదు, నాలుగు మాటలు కావాలి. రేపు పొద్దున పదింటి బస్సుకు వెళ్లిపోతున్నాను."

 బస్సుకు ముందు ఒక్కసారి తనతో ఒడ్డుదాకా రమ్మన్నాడు బాబాయి. అబద్ధమాడానని అందరి ముందూ చెప్పేస్తానన్నాడు. పుట్టి బుద్ధెరిగాక తన లెక్క తప్పని ఒప్పుకోని మనిషి ఆ మాట అన్నాడంటే, ఆ రోజు ఆయన అన్నం కూడా సరిగా తిని ఉండడు.

మర్నాడు తొమ్మిదింటికి ఒడ్డున కొట్టాయన, దర్జీ, పడవలవాళ్లు, చేపలు కొనేవాళ్లు అందరూ ఉన్నారు. సంచీ భుజాన వేసుకుని ప్రూఫు రీడరు నిలబడింది. బాబాయి గొంతు సవరించుకుని, ఈమె ఇన్‌స్పెక్టరు కాదనీ, స్కూలు పుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దుకునే మనిషనీ, తాను కావాలనే ఊరిని తప్పుదారి పట్టించాననీ చెప్పాడు.

ఒక్కరూ నమ్మలేదు. ఆవిడే అలా చెప్పమని ఉంటుందని కొట్టాయన దర్జీ చెవిలో అన్నాడు. సంచీ సర్దుకుని వెళుతున్నట్టు నటించడం కూడా వాళ్ల శాఖలో నేర్పిస్తారని దర్జీ అన్నాడు. ఎవరి మాటా నమ్మొద్దని పదేళ్లుగా ఆ ఊరికి నూరిపోసింది బాబాయే. బాగా నేర్చుకున్నారు. ఆయన మొహం చూస్తే ప్రూఫు రీడరుకు తన బాధ కూడా మరిచిపోయేంత జాలి వేసింది.

చేపల అక్క మాత్రం తక్కెడ చేతిలోకి తీసుకుంది. ప్రూఫు రీడరును రమ్మని పిలిచి, "వెళ్లేముందు ఒక కిలో తీసుకెళ్లండి మేడమ్" అంది. రోజూ వాడే కిలో రాయి పక్కకు నెట్టి, గోనె కింద చెయ్యి పెట్టి ఇంకో రాయి తీసింది. ఉప్పుగాలికి తుప్పు రాలి రాలి, బొప్పాయి ముక్కలా ఒక పక్క తినేసిన కిలో రాయి అది. బాబాయి రిటైరై ఊళ్లోకి వచ్చిన నాటి నుంచీ ఆయన కంటబడకుండా అక్క దాచిపెట్టిన రాయి. ఊళ్లో ఆయనకు తప్ప అందరికీ దాని సంగతి తెలుసు. దాన్ని ఆయన కళ్ల ముందే పళ్లెంలో పెట్టింది.

ఒడ్డున అందరూ మెడలు చాచారు. అక్క చేపలు వేస్తోంది. అర మైలు దూరం నుంచి కామా తప్పు పట్టుకోగల ప్రూఫు రీడరు ఆ రాయిని చూసీ ఏమీ కనిపెట్టలేదు. అందరూ తననెందుకు అలా చూస్తున్నారో, తనను చూశాక బాబాయిని ఎందుకు చూస్తున్నారో మాత్రం అర్థం కాలేదు. బాబాయికి చెవులు ఎర్రబడ్డాయి. మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు ఒకసారి విడివడి మళ్లీ మూసుకున్నాయి. ఆయన గిరుక్కున సముద్రం వైపు తిరిగి, పడవలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒడ్డున ఉన్నవి మూడు పడవలే అయినా చాలాసేపు లెక్కపెట్టాడు.

ప్రూఫు రీడరు చేపలు సంచీలో వేయించుకుని, వెళ్లొస్తానక్కా అని వెనుదిరిగింది.

"ఆగు" అంది అక్క. మేడమ్ లేదు, మీరు లేదు. "కిలో అని చెప్పి ముప్పావు కిలో అంటగడితే పట్టుకుపోతున్నావు. నిన్నెవరమ్మా ఒంటరిగా ఊరి మీదకి వదిలింది?"

కొట్టాయన ముందు దగ్గాడు, తర్వాత నవ్వేశాడు. ఆ నవ్వు దర్జీకి అంటుకుని పడవలదాకా పాకింది.

"అక్కా, అయితే నమ్మినట్టేనా?" అంది ప్రూఫు రీడరు.

"నిన్ను చూసి కాదు నమ్మింది" అని అక్క సముద్రం వైపు గడ్డం చూపించింది. "ఈ రాయి చూసి కూడా ఆ పెద్దాయన నోరు మెదపలేదు. నువ్వు నిజంగా పై ఆఫీసు మనిషివైతే ఊరుకునేవాడా? నీకోసం కాకపోతే మాత్రం ఊరుకునేవాడా?"

మంచి రాయి పెట్టి తగ్గిన చేపలు వేసింది. ఆ పైన చూడకుండా గుప్పెడు తీసి కొసరు వేసింది. ఇన్‌స్పెక్టరుకు కొసరు వేస్తే లంచమంటారని ఇన్నాళ్లూ చెయ్యి కట్టేసుకున్నానని చెప్పింది. అంతటితో ఆగలేదు. మీ అన్నయ్యకు పిల్లలెంతమంది, మీ వదిన నిన్ను ఎలా చూస్తుంది, ఆ ఎర్ర సిరా బట్టలకు అంటితే పోతుందా, ఇన్నాళ్లు ఆ గదిలో ఎవరితో మాట్లాడావు. ప్రూఫు రీడరు ఒక్క ప్రశ్నకూ విసుక్కోలేదు. అన్నిటికీ వివరంగా జవాబులు చెబుతూ నిలబడేసరికి పదింటి బస్సు వెళ్లిపోయింది.

తిరిగి ఇంటికి వచ్చేటప్పుడు ఇసుకలో బాబాయి ఆమె పక్కనే నడిచాడు. కొంతదూరం పోయాక తల తిప్పకుండానే, "రెండు వందల నలభై గ్రాములు తగ్గింది" అన్నాడు.

"మీకు తెలుసా?"

"పళ్లెంలో పెట్టినప్పుడే తెలిసింది. చప్పుడే వేరుగా ఉంది."

"మరి ఎలా ఊరుకున్నారు బాబాయిగారూ?"

"ముప్పై ఏళ్ల సర్వీసులో, ఆ తర్వాతి పదేళ్లలో, కళ్లారా చూసి వదిలేసింది ఇదొక్కటే" అన్నాడు ఆయన. "ఊరుకోవడం ఇంత కష్టమని తెలీదమ్మా. నడుం పట్టేసింది."

నోరు మూసుకుని నిలబడితే నడుం ఎందుకు పట్టేస్తుందో ఆమెకు అర్థం కాలేదు. నవ్వు మాత్రం ఆగలేదు. సంచీ రెండో భుజానికి మార్చుకుని, ఆయన నడకకు తగ్గట్టుగా నెమ్మదిగా నడిచింది.